నికాన్ జెడ్9: పెళ్లిళ్లు తీసేవాడికి ఐదు లక్షల కెమెరా బాడీ అవసరమా?

"అన్నా, జెడ్9 తీసుకుంటే రేటు పెంచొచ్చా?" ముహూర్తాలు దగ్గర పడేకొద్దీ నాకు ఇలాంటి ఫోన్లు ఎక్కువవుతాయి. అడిగేవాళ్లంతా మా ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెం వైపు కుర్రాళ్లే. కొన్నాళ్లు ఎవరో ఒకరి దగ్గర సెకండ్ కెమెరా చేసి, ఇప్పుడిప్పుడే సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నారు. ఫోన్లో చెప్పాలంటే ప్రతిసారీ అరగంట పడుతోంది. ఆ అరగంటలో చెప్పేదంతా ఇక్కడ రాసేస్తున్నా.

రేటు సంగతి ముందే చెప్పేస్తా. పెంచలేరు. పెళ్లివారు బాడీ పేరు చూసి డబ్బులివ్వరు. ఎంతమంది వస్తారు, డ్రోన్ ఉందా, ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, రీల్స్ ఎప్పుడిస్తారు అని అడుగుతారు. అమ్మాయి అయితే మన ఇన్‌స్టా పేజీ మొత్తం చూసి మరీ ఫోన్ చేస్తుంది. నా సర్వీసులో "మీది ఏ కెమెరా అండీ" అని అడిగింది ఎక్కువగా పెళ్లికొడుకు తరఫు బావగార్లే. వాళ్ల దగ్గర కూడా ఏదో ఒక కెమెరా ఉంటుంది కాబట్టి అడుగుతారు.

మరి దేనికి కొనాలి? దానికోసమే ఒక మాఘమాసం సీజన్ మొత్తానికీ జెడ్9 అద్దెకు తెచ్చుకుని పెళ్లిళ్లు చేశాను. అప్పటిదాకా నా చేతిలో ఉన్నది నికాన్‌దే జెడ్6 టూ. నాతో వచ్చే తమ్ముడి దగ్గర దాని తర్వాతి మోడల్ జెడ్6 త్రీ ఉంది. కాబట్టి ఒకే మండపంలో, ఒకే లైటు కింద మూడింటినీ పక్కపక్కన చూసే అవకాశం దొరికింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జెడ్9ని నికాన్ 2021 అక్టోబరులో ప్రకటించింది. మన దేశంలో విడుదల ధర 4,75,995 రూపాయలు, అదీ లెన్స్ లేకుండా ఉత్త బాడీకి. 45.7 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్, సెకనుకు 20 రా ఫొటోలు (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైళ్లు), 8కె వీడియో. అసలు విశేషం ఏంటంటే ఇందులో మెకానికల్ షట్టర్, అంటే సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునే పరదా, అనేదే లేదు. సెన్సర్ వెనకే మెమరీ పేర్చిన స్టాక్డ్ సెన్సర్ కావడంతో ఫ్రేమ్ మొత్తాన్నీ రెప్పపాటు కంటే త్వరగా చదివేస్తుంది. ఇక పరదా ఎందుకని తీసేశారు. మనం కట్టే డబ్బులో పెద్ద వాటా ఈ వేగానిదే. ఫొటో నాణ్యతది కాదు.

ఈ తేడా కుర్రాళ్లకి ఎక్కడం లేదు. ఖరీదైన బాడీ అంటే ఫొటో ఇంకా అందంగా వస్తుందనుకుంటారు. మరి కానన్ వాళ్లు 2024లో తెచ్చిన అన్నిటికంటే పెద్ద మోడల్ ఆర్1లో ఉన్నది 24 మెగాపిక్సెళ్లే. సోనీ ఎ9 త్రీ కూడా అంతే. ఆటలు, వార్తలు తీసేవాళ్ల కోసం చేసిన పనిముట్లు అవి. వాళ్లకి కావలసింది ఆ క్షణం తప్పిపోకుండా ఉండటం. రాత్రి రెండున్నర ముహూర్తానికి ద్వారకా తిరుమల కొండ మీద ఒక పెళ్లిలో ఐఎస్‌వో (వెలుతురు తక్కువైనప్పుడు పెంచుకునే సెట్టింగ్) 6400 దగ్గర తీసిన ఫొటోలు, జెడ్6 టూవి, జెడ్9వి, ఆల్బమ్ సైజులో ప్రింటు వేయించి మా డిజైనర్ ముందు పెట్టాను. ఏది దేనిదో అతను చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేను.

అయితే ఆ క్షణం సంగతికొస్తే జెడ్9 జెడ్9నే. తాళి కట్టే సమయం ఎలా ఉంటుందో మీకు తెలుసు. వధువు తల వంచుకుని ఉంటుంది, పెళ్లికొడుకు చేతులు ముఖానికి అడ్డు, వెనక ఆడపడుచు జడ పైకెత్తి పట్టుకుంటుంది, నాలుగు వైపుల నుంచీ అక్షింతలు. మధ్యలో ఎవరో మావయ్య సెల్‌ఫోన్ చాపుతాడు. జెడ్6 టూ అయితే ఫోకస్ ఆ చేతి మీదకో, గాల్లో ఉన్న అక్షింతల మీదకో పోతుంది, మళ్లీ ముఖం మీదకి వచ్చేలోపు మూడో ముడి పడిపోతుంది. జెడ్9 అలా కాదు. అమ్మాయి కన్ను ఒకసారి పట్టుకుందంటే మధ్యలో ఎవరి చెయ్యి వచ్చినా కంగారు పడదు, చెయ్యి తొలగగానే అక్కడే ఉంటుంది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ క్లిక్ క్లిక్‌కీ నల్లబడదు కాబట్టి చూపు కూడా తెగదు. తలంబ్రాల దగ్గరైతే చెప్పక్కర్లేదు. ఇద్దరి నవ్వులూ, గాల్లో బియ్యం, దోసిలి అన్నీ కుదిరిన ఫ్రేము ఒక్కటి ఎలాగూ దొరుకుతుంది. టెన్షన్ తగ్గింది, ఒప్పుకుంటా.

కానీ అదే రాత్రి తమ్ముడు జెడ్6 త్రీతో తీసిన తాళి ఫొటోలు కూడా చూశాను. వాడివీ షార్ప్‌గానే ఉన్నాయి. జెడ్9లో ఉన్న ఎక్స్‌పీడ్ 7 ప్రాసెసరే 2024లో వచ్చిన జెడ్6 త్రీలో కూడా ఉంది. కన్ను పట్టుకునే తెలివి చాలావరకు అక్కడి నుంచి వచ్చేదే. పైగా చీకట్లో ఫోకస్ పట్టే సామర్థ్యం కంపెనీ ఇచ్చిన లెక్కల్లోనే జెడ్6 త్రీకి ఎక్కువ. వ్యూఫైండర్ చుక్కలు కూడా దానికే ఎక్కువ, జెడ్9కి 36.9 లక్షలైతే దీనికి 57.6 లక్షలు. విడుదలైనప్పుడు జెడ్6 త్రీ ధర దాదాపు 2.48 లక్షలు. అంటే విడుదల ధరల్లో చూస్తే, పెళ్లిలో జెడ్9 చేసే ముఖ్యమైన పని సుమారు సగం ధరకే దొరికినట్టు. జెడ్9 కొనాలని ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

చప్పుడు రాదు కదా అంటారు కొందరు. గట్టిమేళం మోగుతుంటే పక్కన ఫిరంగి పేల్చినా వినపడదు, షట్టర్ చప్పుడు ఎవడికి కావాలి? చర్చిలో పెళ్లిళ్లు చేసేవాళ్లకి మాత్రం ఇది నిజంగా ఉపయోగం. ప్రమాణాలు చెప్పేటప్పుడు అందరూ నిశ్శబ్దంగా ఉంటారు, పాస్టర్ గారి చూపు మనవైపు తిరగకుండా మన పని మనం చేసుకోవచ్చు. పల్లెటూరి పెద్దలతో గ్రూప్ ఫొటో తీసేటప్పుడు దీనికి తిరగబడిన ఇబ్బంది ఒకటుంది. చప్పుడు వినపడితేగానీ ఫొటో అయిందని నమ్మరు, అలాగే బిగుసుకుని నిలబడిపోతారు. అందుకని నేను మెనూలోకి వెళ్లి ఉత్తుత్తి షట్టర్ శబ్దం ఆన్ చేశాను. ఐదు లక్షల కెమెరాకి!

చప్పుడు సంగతి అటుంచితే, పరదా లేకపోవడంలో అసలు లాభం ఎల్ఈడీల కింద తెలిసింది. ఇప్పుడు ఏ ఫంక్షన్ హాల్ చూసినా స్టేజీ వెనక ఎల్ఈడీ గోడ, సంగీత్ అంటే రంగురంగుల పార్ లైట్లు. జెడ్6 టూ లాంటి బాడీలో సైలెంట్ షట్టర్ (పరదా కదలకుండా తీసే పద్ధతి) పెడితే అమ్మాయి ముఖం మీద అడ్డంగా చారలు పడతాయి, ఫ్లాష్ కూడా వెలగదు. జెడ్9లో చారలు చాలా అరుదు, ఫ్లాష్ మామూలుగానే పని చేస్తుంది. ఇక్కడ జెడ్6 త్రీది సగం స్టాక్డ్ సెన్సరే కాబట్టి కొంత వెనకబడుతుంది. దానికి విరుగుడు సులభమే. అందులో మెకానికల్ షట్టర్ ఉంది, అది వాడుకోవడమే.

ఇక 45 మెగాపిక్సెళ్లు. దీని గురించి అందరూ గాల్లో మాట్లాడతారు, మనం లెక్క వేద్దాం. మన ఆల్బమ్ తెరిస్తే 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. ఒక పక్క పేజీ అంటే 12 బై 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున చూస్తే 3600 బై 5400, అంటే రెండు కోట్ల పిక్సెళ్ల కంటే కొంచెం తక్కువ. జెడ్6 లాంటి బాడీల 24 మెగాపిక్సెళ్ల ఫొటో ఒక పేజీకి నిండుగా సరిపోయి ఇంకా మిగులుతుంది. రెండు పేజీలకీ ఒకే ఫొటో పరచాలంటే కథ వేరు. పైనా కిందా కోసేయాలి కాబట్టి వెడల్పు పిక్సెళ్లే దిక్కు. 24లో 6048 ఉంటాయి, 36 అంగుళాలకి పంచితే అంగుళానికి 168. జెడ్9లో 8256, అంటే 229. మండపం మొత్తం కనపడే వైడ్ ఫొటోలో, దగ్గరగా పెట్టుకుని చూస్తే ఆ తేడా తెలుస్తుంది. ఆల్బమ్ మొత్తం మీద అలాంటి షీట్లు మూడో నాలుగో ఉంటాయి.

నాకు నచ్చిన ఉపయోగం ఇంకొకటి. డీఎక్స్ క్రాప్ (ఫ్రేములో మధ్య భాగాన్నే తీసుకోవడం) ఒక బటన్‌కి పెట్టుకుంటే 70-200 లెన్స్ అప్పటికప్పుడు 105-300 లాగా పని చేస్తుంది. అలా క్రాప్ చేశాక కూడా 19 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. అంటే ఇందాక చెప్పిన పేజీకి సరిగ్గా సరిపోయేంత. అప్పగింతల దగ్గర మన వీడియో వాళ్లూ, బంధువులూ కలిసి మనల్ని పందిరి చివరికి తోసేసినప్పుడు, అక్కడి నుంచే పెళ్లికూతురి నాన్నగారి కళ్లు నిండుగా తీయగలిగాను. 24 మెగాపిక్సెళ్ల బాడీతో అలా తీస్తే 10 మాత్రమే మిగిలేవి.

ఈ పిక్సెళ్లకి అద్దె కూడా కట్టాలి. ఒక్కో రా ఫైల్ దాదాపు 50 ఎంబీ. పెళ్లికి నాలుగు వేల ఫొటోలంటే 200 జీబీ. రెండు కాపీలు పెడితే 400. సెకనుకు 20 చొప్పున వేలు నొక్కి పట్టుకుంటే తాళి ఒక్కటే రెండు వందల ఫొటోలు. వాటిలోంచి ఒకటి ఏరమంటే మా ఎడిటర్ నాకు దణ్ణం పెట్టాడు. హై ఎఫిషియెన్సీ రా అని చిన్న ఫైల్ ఒకటి ఉంది, నేను ఆఖరికి అందులోకే దిగాను. మీ ఎడిటర్ దగ్గర పాత సాఫ్ట్‌వేర్ ఉంటే ముందు ఒక ఫైల్ పంపి తెరుచుకుంటుందో లేదో చూడండి. కార్డులు కూడా ఇంట్లో ఉన్న ఎస్‌డీ కార్డులు పనికిరావు. రెండు స్లాట్లూ సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ టైప్ బి. రెండు మంచి కార్డులు, ఒక రీడర్ కొనేసరికి ఇంకో చిన్న లెన్స్ ఖర్చు. 8కె వీడియో గురించి ఒక్క వాక్యం చాలు: అడిగిన పార్టీ నాకు ఇంతవరకు తగల్లేదు.

బరువు చెప్పాలి. బ్యాటరీ, కార్డుతో కలిపి 1,340 గ్రాములు. దానికి 70-200 ఎఫ్ 2.8 తగిలిస్తే రెండు కిలోల ఏడు వందలు. స్నాతకంతో మొదలుపెట్టి తెల్లారి అప్పగింతల దాకా ఇది మెడలో ఉంటే ఎలా ఉంటుందో మా ఆవిడని అడగండి, నొప్పి మందు రాసేది తనే. కింద గ్రిప్ కలిసే ఉండటం వల్ల నిలువు ఫొటోలకి చెయ్యి హాయిగా ఉంటుంది, కాదనను. బ్యాటరీ అయితే అద్భుతం. జెడ్6 టూకి జేబులో మూడు నాలుగు పెట్టుకుని తిరిగేవాణ్ణి. దీనికి ఒక పెళ్లి మొత్తం దాదాపు ఒక్కదానితోనే గడిచింది.

గట్టితనం కూడా డబ్బుకి తగ్గట్టే ఉంది. మంగళస్నానాల దగ్గర పసుపు నీళ్లు నేరుగా బాడీ మీద పడ్డాయి, తుడుచుకుని తీసుకుంటూ పోయాను. ఆఫ్ చేయగానే సెన్సర్ ముందు ఒక రేకు మూసుకుంటుంది. హోమం పొగ, పసుపు దుమ్ము మధ్య లెన్స్ మార్చాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలిసింది. జెడ్6 త్రీకి ఈ రేకు లేదు.

ఇంత చెప్పాక, జెడ్9 పూర్తిగా తన సొంత గడ్డ మీద ఆడింది ఎక్కడో కూడా చెప్పాలి. పెళ్లిళ్లు లేని ఒక ఉదయం కైకలూరు పక్కన ఆటపాకకి తీసుకెళ్లాను. కొల్లేటి పక్షుల కేంద్రం అది. చలికాలంలో గూడబాతులు, మీరు పెలికాన్లు అంటారేమో, అక్కడ కట్టిన గట్ల మీదా, చెట్ల మీదా గూళ్లు పెట్టుకుని ఉంటాయి. 180-600 లెన్స్ పెట్టుకుని పడవలో కూర్చున్నా. పక్షుల కోసం విడిగా ఫోకస్ మోడ్ ఒకటి తర్వాతి ఫర్మ్‌వేర్‌లో (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ఉచితంగా ఇచ్చారు. అంత పెద్ద పక్షి నీళ్ల మీద పరిగెత్తి లేచేటప్పుడు, నీటి తుంపర్ల మధ్య కూడా, ఫోకస్ దాని కన్ను వదల్లేదు.

ప్రీ రిలీజ్ క్యాప్చర్ అని ఇంకోటి ఉంది. బటన్ సగం నొక్కి ఉంచితే కెమెరా లోపల ఫ్రేములు పోగేసుకుంటూ ఉంటుంది, పూర్తిగా నొక్కగానే అంతకు ముందు సెకను వరకు జరిగింది కూడా కార్డులో పడుతుంది. చెట్టు మీద కూర్చున్న కొంగ ఎప్పుడు ఎగురుతుందో ఎవడికి తెలుసు? అది ఎగిరాక నొక్కినా రెక్క విప్పిన మొదటి ఫ్రేము మనకి ఉంటుంది. అయితే ఇది జేపెగ్‌లోనే పని చేస్తుంది. ఆరుబయట ఎండలో పరవాలేదుగానీ, ఒక పక్క పచ్చ లైటు, ఒక పక్క ఊదా లైటు ఉండే సంగీత్‌లో జేపెగ్‌ని నమ్ముకోలేం, తర్వాత రంగు సరిచేయడం నరకం. పక్షులు, కబడ్డీ, ఎడ్ల పందేలు, ఏదైనా సరే దాని మీదే బతికేవాళ్లయితే జెడ్9కి ప్రతి రూపాయీ గిట్టుబాటు. వాళ్లతో నాకు వాదన లేదు.

పెళ్లిళ్లతో బతికేవాళ్ల లెక్క వేరే. వడ్డీ పక్కన పెట్టి, విడుదల ధర 4,75,995ని రెండేళ్లకి పంచితే నెలకి దాదాపు 19,800. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం ఎలాగో కట్టేస్తారు. ఆషాఢంలో? పుష్యంలో? మధ్యలో మూఢం వస్తే? కెమెరా బీరువాలో ఉంటుంది, బ్యాంకు వాడికి పంచాంగంతో పని లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ ధరలో 18 శాతం పన్ను కలిసి ఉంది, అంటే 72 వేల పైచిలుకు. సరైన బిల్లు మీ ఫర్మ్ పేరు మీద ఉంటే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి బిల్లు లేకుండా ఎవరైనా ముప్పై నలభై వేలు తగ్గిస్తే మురిసిపోయే ముందు ఈ 72 వేలు లెక్కలోకి తీసుకోండి. వారంటీ పోవడం దీనికి అదనం.

బాడీ ధర పడిపోతుంది, లెన్స్ ధర నిలబడుతుంది. ఇది మన ఫీల్డులో అందరికీ తెలిసినా ఎవరూ పాటించని సత్యం. జెడ్9కీ జెడ్6 త్రీకీ మధ్య విడుదల ధరల్లో తేడా 2.28 లక్షలు. ఆ డబ్బుకి దాదాపుగా 70-200 ఎఫ్ 2.8 వచ్చేస్తుంది. ఆ లెన్స్ లేకుండా జెడ్9 కొని కిట్ లెన్స్‌తో మండపం ఎక్కిన కుర్రాణ్ణి చూశాను, జాలేసింది. నన్నడిగితే వరస ఇది: ముందు జెడ్6 త్రీ, తర్వాత ఒక 85 ఎఫ్ 1.8 లెన్స్, ఆపైన 70-200, ఆ మధ్యలోనే రెండు మంచి లైట్లు. పాత బాడీ అమ్మకండి, రెండో కెమెరాగా ఉంచుకోండి. ముహూర్తం సమయానికి ఒకటి మొరాయిస్తే జెడ్9 అయినా ఒక్కటే ఉన్నవాడు ఏం చేస్తాడు?

నేను చివరికి కొన్నది జెడ్8. 2023 మేలో వచ్చింది, సెన్సర్ జెడ్9దే, ప్రాసెసర్ కూడా అదే, బరువు 910 గ్రాములు. విడుదల ధరలో తేడా 1,32,000. ఎల్ఈడీ కింద చారల బాధ లేదు, డీఎక్స్ బటన్ ఉంది, సెన్సర్ ముందు రేకు ఉంది, ఒక స్లాట్‌లో ఎస్‌డీ కార్డు పడుతుంది, పాత జెడ్6 టూ బ్యాటరీలు దీనికి పని చేస్తాయి. ముఖ్యంగా పోగొట్టుకున్నవి ఆ పెద్ద బ్యాటరీ, కింద కలిసి ఉండే గ్రిప్. మళ్లీ జేబునిండా బ్యాటరీలు మోస్తున్నాను. ఎండాకాలంలో ఎక్కువసేపు వీడియో తీస్తే వేడెక్కుతుంది కూడా, కానీ వీడియోకి నా దగ్గర వేరే మనిషి, వేరే కెమెరా ఉన్నాయి. అదీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, రాజమండ్రిలో వ్యాపారం మానేస్తున్న ఒకాయన దగ్గర, ఒరిజినల్ బిల్లుతో.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లకి ఒక మాట. జెడ్9, జెడ్8 రెండింటిలోనూ షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారు) ఎంత అని బేరం ఆడకండి, అరిగిపోవడానికి లోపల షట్టరే లేదు. లెన్స్ మౌంట్ వదులుగా ఉందా, కార్డు తలుపు సరిగ్గా మూసుకుంటోందా, పక్కనున్న హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పోర్టులు ఊగుతున్నాయా చూడండి. జెడ్8 మొదట్లో వచ్చిన కొన్నింటికి బెల్టు తగిలించే రింగుతోనూ, లెన్స్ మౌంట్‌తోనూ సమస్య ఉందని నికాన్ 2023లో తనే ప్రకటించి ఉచితంగా బాగుచేసి ఇచ్చింది. బాడీ మీద ఉన్న సీరియల్ నంబర్ పట్టుకుని నికాన్ సర్వీస్ సెంటర్‌కి ఒక ఫోన్ కొడితే అది ఆ జాబితాలో ఉందో లేదో తెలిసిపోతుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందే కొట్టండి.